సాయంత్రాలు మిత్రులవి, రాత్రులు నాన్నగారివి

ప్రశ్న: నా వయస్సు 31 సంవత్సరాలు. హైదరాబాదులో ఉద్యోగం. పండుగకు హన్మకొండ వచ్చినప్పుడు బైక్ ప్రమాదంలో కుడి మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చి మూడు వారాలైంది. మరో మూడు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. ఇంజనీరింగ్‌లో నాతో చదివిన ముగ్గురు మిత్రులు రోజూ సాయంత్రం వస్తారు. మాకు ఎంతో ఇష్టమైన ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ అనే, అంతరిక్ష ఓడలో తిరిగేవారి కథల ఇంగ్లిష్ సీరియల్‌ను మొదటి నుంచి మళ్లీ చూస్తున్నాం. ఆ రెండు గంటలే నాకు నొప్పి గుర్తుండదు. నాన్నగారికి మాత్రం అది గిట్టదు. 34 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పిన మనిషి, అవన్నీ అబద్ధాలంటారు. మిత్రులు బిర్యానీ తెస్తే పుండు పచ్చిగా ఉందని నా కంచం తీసేశారు. పప్పు కూడా పెట్టరు. గది చాలా చిన్నది, అమ్మను చివరి రోజుల్లో ఉంచింది కూడా అందులోనే, పైగా రాత్రి నాకు బాత్‌రూమ్‌కు తోడు కావాలి కనుక నాన్నగారు అక్కడే నేల మీద పడుకుంటారు. పోయిన వారం ఎనిమిదింటికి వచ్చి, అందరం చూస్తుండగానే టీవీ కట్టేసి, ‘ముందు కాలు సంగతి చూసుకో, ఆకాశం సంగతి తర్వాత’ అన్నారు. మిత్రులు లేచి వెళ్లిపోయారు. ఇష్టమైనవి చూస్తూ స్నేహితుల మధ్య ఉంటే త్వరగా కోలుకుంటారని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి శాస్త్రీయ ఆధారాలు ఏమైనా ఇవ్వగలరా? లేక ఒక మిత్రుడి ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉంది, మిగిలిన మూడు వారాలూ అక్కడికి మారిపొమ్మంటారా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు మీ రెండు ప్రశ్నల సంగతి తేల్చేస్తాను. ఒక కాలు నేల మీద మోపకూడని మనిషి మేడ మెట్లెక్కి మకాం మార్చే ఆలోచన చేయకూడదు. వాకర్ జారితే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసింది మీరే. ఇక శాస్త్రీయ ఆధారాలంటారా, అవి నేను ఇవ్వను. మనసు మరో దాని మీదికి మళ్లితే నొప్పి కాస్త వెనక్కి తగ్గుతుందన్నది మీ నాన్నగారికి తెలియని విషయం కాదు. 34 ఏళ్లు తరగతి గదిలో పిల్లల ముఖాలు చదివిన ఉపాధ్యాయుడికి, సాయంత్రం గేటు చప్పుడు కాగానే కన్నకొడుకు ముఖంలో వచ్చే వెలుగు కనిపించకుండా ఉంటుందా? కాంతి కంటే వేగంగా ఓడ పోగలదా లేదా అన్నది మీ ఇంట్లో తగవు కానే కాదు. కాబట్టి ఆధారాలు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టినా ఆ తగవు తీరదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపిన వాక్యం వేరే ఉంది. గది చిన్నదని ఫిర్యాదు చేస్తూ, అమ్మగారి చివరి రోజులనూ, నాన్నగారు నేల మీద పడుకోవడాన్నీ ఆ ఒక్క వాక్యంలోనే కుక్కి, వెంటనే టీవీ దగ్గరికి వెళ్లిపోయారు. సీరియల్ పేరు పూర్తిగా రాశారు. మిత్రులు ఎందరో, ఏ రోజుల నుంచి స్నేహితులో రాశారు. మూడు వారాలుగా నేల మీద పడుకుంటున్న మనిషికి నిద్ర పడుతున్నదో లేదో మాత్రం రాయలేదు. ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నాకు అడగాలనిపించింది ఆ ఒక్క విషయమే.

ఆ రాత్రులు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. మంచం మీది మనిషి కదిలితే చాలు, కింద పడుకున్న వారికి మెలకువ వస్తుంది. లేచి లైటు వేయాలి, వాకర్ దగ్గరికి జరపాలి, చంక కింద చెయ్యి వేసి నిలబెట్టాలి, విరిగిన కాలు నేలకు తగలకుండా చూస్తూ అడుగులో అడుగు వేసి తీసుకువెళ్లాలి, తిరిగి తెచ్చి పడుకోబెట్టి, కాలి కింద దిండ్లు సర్ది, లైటు తీసి, మళ్లీ నేల మీదికి వంగాలి. పదవీ విరమణ చేసిన మీ నాన్నగారి మోకాళ్లు రాత్రికి ఎన్నిసార్లు అలా లేచి కూర్చుంటున్నాయో లెక్క పెట్టారా? తెల్లవారితే పాలు కాయడం, మీ కాలికి ప్లాస్టిక్ సంచి చుట్టి స్నానం చేయించడం, మాత్రలు వేళకు ఇవ్వడం, వంట, అన్నీ ఆయనవే. ఇంట్లో మరో ఆడదిక్కు ఉన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడదు. (మగవారికి ఇవన్నీ చేతకావని నేను అనను. మీ నాన్నగారికి చేతనయింది. ఎక్కడ నేర్చుకున్నారో మీకూ తెలుసు, నాకూ అర్థమైంది.)

ఆ గదిలోనే, బహుశా ఆ మంచం పక్కనే, ఆయన అంతకు ముందు మీ అమ్మగారికి ఇవే పనులు చేసి ఉంటారు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మనిషి కోలుకుని లేచి తిరగడం ఆ గది ఇంకా చూడలేదు. మీకు విరిగింది ఎముక, అది అతుకుతుంది, ప్రాణానికి ముప్పు లేదని మీరూ డాక్టరూ అనుకోవచ్చు. తండ్రి మనసు ఎక్స్‌రే చూసి ధైర్యం తెచ్చుకోదు. పప్పు పెట్టకపోవడం, బిర్యానీ కంచం తీసేయడం, ఎనిమిదింటికి టీవీ కట్టేయడం, ఇవన్నీ భయపడిన మనిషి చేసే పనులు. ఎనిమిది గంటలకు మీకు మాత్రలు వేసి పడుకోబెడితే తప్ప ఆయన రాత్రి మొదలు కాదు. ఆ రాత్రి మీకంటే ఆయనకే ఎక్కువ పొడుగు.

అలా అని ఆయన చేసింది సరైన పనేనని అనడం లేదు. ఇంటికి వచ్చిన వారి ఎదుట, సంపాదించుకుంటున్న కొడుకును చిన్నపిల్లవాడిని చేసి టీవీ కట్టేయడం తప్పు. మీకు తల కొట్టేసినట్టయి ఉంటుంది. ఎనిమిదింటికి ఆపాలని ఉంటే మధ్యాహ్నం చెప్పవలసింది, మీరు ఏడున్నరకే ముగించేవారు. ఇది ఆయనతో చెప్పండి. చెప్పే హక్కు మీకుంది. కానీ అది రెండో మాటగా చెప్పాలి. మొదటి మాట ఇంకా మీ నోటి నుంచి రాలేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. పన్నెండేళ్ల క్రితం మావారికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఇంటికి వచ్చాక ఆయన ఆఫీసు మిత్రులు రోజూ చూడడానికి వచ్చేవారు. వారి ముందు ఆయన దిండుకు చేరగిలబడి కూర్చుని, కబుర్లు చెప్పి, నవ్వించి, ‘నాకేమీ కాలేదు’ అనిపించుకునేవారు. వారు గడప దాటగానే ముఖం గోడ వైపు తిప్పుకుని, నేను అడిగినదానికి మూలిగి ఊరుకునేవారు. నెల తిరగకముందే నాకు ఆ మిత్రుల మీద కోపం వచ్చింది. పాపం, వారు చేసిన తప్పేమీ లేదు. మావారిలోని ఆరోగ్యవంతుడు వారికి దక్కాడు, రోగి మాత్రమే నాకు మిగిలాడు, నా కోపమంతా అదే. మీ ఇంట్లో సరిగ్గా అదే జరుగుతున్నదని నా నమ్మకం. మూడు వారాలుగా మీ నవ్వును ఆయన వంటింట్లో నుంచి వింటున్నారు. తన దగ్గరికి వచ్చేసరికి మీరు ‘నీళ్లు’, ‘దిండు’, ‘బాత్‌రూమ్’ అనే మూడు మాటల మనిషి అయిపోతున్నారు.

మీరు ఇష్టపడే సీరియల్‌లోనే దీనికి దగ్గరి కథ ఉందని మా మనవడు చెప్పి, నన్ను కూర్చోబెట్టి చూపించాడు. అయిదో సీజన్‌లో, 1992లో వచ్చిన ఎపిసోడ్ అది. ఓడలో భద్రత చూసే వార్ఫ్ మీద బరువైన డబ్బా ఒకటి పడి వెన్నెముక దెబ్బతింటుంది, కాళ్లు పడిపోతాయి. యోధుల జాతిలో పుట్టిన అతడు ఆ స్థితిలో బతకడానికి ఇష్టపడక, చావడానికి సాయం చేయమని మిత్రుడు రైకర్‌ను అడుగుతాడు. కన్నకొడుకు అలెగ్జాండర్ తనను అలా చూడకూడదంటాడు. రైకర్ ఆ జాతి ఆచారాలన్నీ చదివి వచ్చి, ఆ పని చేయవలసింది మిత్రుడు కాదు, కొడుకు అని చెప్పేసరికి వార్ఫ్ నోట మాట రాదు. చివరికి శస్త్రచికిత్స తర్వాత, తడబడుతూ అడుగులు నేర్చుకునే వేళ ఆ పిల్లవాడిని దగ్గరికి రానిచ్చి సాయం తీసుకుంటాడు. మీరు మొదటి నుంచి వరసగా చూస్తున్నారు కాబట్టి అది త్వరలోనో ఆలస్యంగానో వస్తుంది. దాన్ని నాన్నగారికి చూపించమని నేను చెప్పడం లేదు. ఆయనకు అందులో కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అసహాయ స్థితిలో అయినవారి కంటపడడం కంటే మిత్రుల దగ్గరికి పారిపోవడమే నయమనుకున్న ఆ మనిషిని ఈసారి మీరు చూడండి. మేడ మీది గది మీకు ఎందుకు గుర్తొచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

సేవ చేయడం ధర్మమని మనకు చిన్నప్పటి నుంచి చెబుతారు. సేవ అందుకోవడంలో కూడా ఒక ధర్మం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మంచం మీద ఉన్నాం కదా అని, చేసేవారి ముఖం చూడకుండా చేయించుకోవడం తగదు. 31 ఏళ్ల కొడుకుకు తండ్రి స్నానం చేయించవలసి రావడంలో మీకు సిగ్గు ఉంటుంది, ఆయనకూ ఉంటుంది. ఆ సిగ్గును మీరు చిరాకుగా మార్చారు, ఆయన ఆజ్ఞలుగా మార్చారు. పెద్దవారు ఆయన కనుక ముందు దిగిరావలసింది మీరే. ఈ విషయంలో నా అభిప్రాయం పాతకాలపుదని మీకు తోచినా నేను మార్చుకోను.

పథ్యం గొడవ సులభం. పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఇళ్లలో తరతరాలుగా ఉంది కానీ, ఎముక అతకడానికీ కోత మానడానికీ మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో ఉన్నాయి. ఇది మీరు చెబితే వాదన అవుతుంది. వచ్చే చెకప్‌కు నాన్నగారిని లోపలికి తీసుకువెళ్లి, ఏమేం పెట్టవచ్చో డాక్టరును ఆయన చేతనే అడిగించండి. బిర్యానీ మాత్రం నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లూ పొట్టకు భారం, అందులో ఆయన పక్షమే నాది. మిత్రులలో ఎవరికైనా సిగరెట్ అలవాటు ఉంటే ఆ గది దరిదాపుల్లో వద్దు. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

సాయంత్రాలు మానవద్దు. ఆ సీరియల్‌లో మొత్తం 178 ఎపిసోడ్‌లు ఉన్నాయట, ఒక్కొక్కటి ముప్పావుగంట. రోజుకు రెండు చొప్పున చూస్తే 89 రోజులు. మోకాలి కింది ఎముక పెద్దవారిలో గట్టిగా అతకడానికి మూడు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి మీకు తొందర లేదు. అయితే రెండు గంటలూ కదలకుండా పడుకోకండి. కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉంచి, డాక్టరు వద్దని చెప్పి ఉంటే తప్ప, పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. కదలిక లేని కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఊపిరి ఆడనట్టున్నా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి.

మీ మిత్రులు మంచివారు. రోజూ పని ముగించుకుని వచ్చి కూర్చునే స్నేహితులు ఈ రోజుల్లో అందరికీ దొరకరు. వారిని సాయంత్రాలకే పరిమితం చేసింది మీరు. వారిలో ఒకరిని వారానికి రెండు రాత్రులు ఉండమని అడగండి. ఆ రాత్రి రెండింటికి వాకర్ జరపడం, బాత్‌రూమ్ దాకా పట్టుకోవడం అతడు చేస్తాడు. మీకు మొహమాటంగా ఉంటుంది, ఉండనివ్వండి. నాన్నగారు వద్దంటారు, మొదటిసారి తప్పక వద్దంటారు. అప్పుడు, ‘మీరు మూడు వారాలుగా నేల మీద పడుకుంటున్నారు నాన్నా, నాకు తెలుసు’ అనండి. నేను ఇందాక చెప్పిన మొదటి మాట ఇదే. ఆయన ఏమీ జవాబు చెప్పకపోవచ్చు, లేచి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. శనివారం ఎవరు ఉంటారో ఈ రోజే తేల్చుకుని, సాయంత్రం వాళ్లు వచ్చినప్పుడు నాన్నగారి పరుపు ఆ నేల మీద నుంచి తీయించి, ఆయన గదిలో మంచం మీద వేయించండి.