ఎండలో హైవే మీద వెళ్తే టైర్ ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది?

టైరు ఘనపరిమాణం దాదాపు మారదు. పరుగులో టైరు నలిగి సాగుతూ లోపలి గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన అణువులు గోడలను మరింత గట్టిగా, ఎక్కువసార్లు ఢీకొంటాయి. అదే పెరిగిన పీడనం.

టైరులో ఉన్న గాలి మొత్తం (ఎంత గాలి ఉందనేది) మారనంతవరకు పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి, ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే విలువ మారదు. ఉష్ణోగ్రత మాత్రం కెల్విన్‌లోనే (సెల్సియస్ డిగ్రీలకు సుమారు 273 కలిపితే వచ్చేది) ఉండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. పైగా గేజ్ వాతావరణ పీడనాన్ని లెక్కలోకి తీసుకోదు. గేజ్ 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తే, వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 46.7 పీఎస్‌ఐ. 27 డిగ్రీల (300 కెల్విన్) నుంచి 57 డిగ్రీలకు (330 కెల్విన్) టైరులోని గాలి చేరితే ఆ అసలు పీడనం 10 శాతం పెరిగి సుమారు 51.4 అవుతుంది. అప్పుడు గేజ్ మీద దాదాపు 36.7.

కాబట్టి వేడి టైరులోంచి గాలి తీసేయకండి. చల్లారాక ప్రెషర్ బాగా తగ్గిపోతుంది.