చలికి కిటికీలు మూసేశాం.. అయినా బాబుకి దగ్గు తగ్గట్లేదు!

ప్రశ్న: మాది విజయవాడ. ఏడాదిన్నరగా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. రెండు నెలలుగా మా నాలుగేళ్ల బాబుకి రాత్రిళ్లు పొడి దగ్గు. జ్వరం లేదు. చలిగాలి తగలకూడదని కిటికీలు తెరవడమే మానేశాం. ఈమధ్య పడకగదిలో బీరువా వెనక గోడకి నల్లటి మచ్చలు వచ్చాయి. దగ్గు వాటివల్లేనా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అయ్యుండే అవకాశం ఉందమ్మా. ఆ మచ్చలు చాలావరకు బూజే, అంటే ఫంగస్. అది పట్టిన గదిలో పడుకునే పిల్లల్లో కొందరికి ముక్కు కారడం, రాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఆస్తమా ఉంటే ఎక్కువవుతుంది.

బిడ్డకి చలి తగలకూడదనే మీరు కిటికీలు మూశారు. కానీ జలుబు తెచ్చేవి వైరస్‌లు, మూసిన గదిలో అవి ఇంకా సులువుగా అంటుకుంటాయి. విజయవాడలో తలుపులు పగలంతా తెరిచే ఉంటాయి, బట్టలు డాబా మీద ఆరతాయి. జర్మనీలో కిటికీలు మాత్రం గాలి చొరబడనంత బిగువు. అన్నం ఉడికిన ఆవిరి, స్నానాల ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి అన్నీ లోపలే ఉండిపోయి, చల్లటి బయటి గోడ మీద, గాలి ఆడని బీరువా వెనక చేరతాయి.

అందుకే జర్మన్లు గడ్డకట్టే చలిలోనూ రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరుస్తారు. దీన్నే 'స్టోస్‌ల్యుఫ్టెన్' అంటారు. చలికాలంలో 5 నిమిషాలు చాలు. ఆ కాసేపు హీటర్ తగ్గించి, బాబుని వేరే గదిలో ఉంచండి. బయట మంచు పడుతుంటే తేమ లోపలికి రాదా అని చాలామంది అడుగుతారు. రాదు. చల్లగాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ. గోడల్లో వేడి నిలిచే ఉంటుంది కాబట్టి గది త్వరగానే వెచ్చబడుతుంది. కిటికీ పైభాగం మాత్రం వాల్చి రోజంతా వదిలేయకండి. గాలి సరిగా మారదు, చుట్టూ గోడ చల్లబడి బూజు పెరుగుతుంది.

వంటింట్లో హుడ్ ఉంది కదా అనుకోవద్దు. చాలా ఫ్లాట్లలో అది గాలిని వడకట్టి మళ్లీ లోపలికే వదులుతుంది. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవండి. దగ్గు తగ్గేదాకా అగరుబత్తులు మానేసి, దీపంతో పూజ చేసుకోండి. బీరువాని గోడకి 10 సెంటీమీటర్లు ఎడంగా జరపండి. తేమ కొలిచే చిన్న మీటరు కొని, 40–60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

మచ్చలను ఫొటో తీసి ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలపండి. గోడలో లీకు ఉందేమో ఆయన తనిఖీ చేయించాలి. శుభ్రం చేసేదాకా బాబుని ఆ గదిలో పడుకోబెట్టకండి.

రెండు నెలల దగ్గును ఇంట్లో సిరప్‌లతో నెట్టుకురావద్దు. ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించి, బూజు సంగతి కూడా చెప్పండి. డాక్టర్ల క్లినిక్‌లు మూసిన వేళల్లో 116117కి ఫోన్ చేయండి. డొక్కలెగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 112.