నేనైతే ఆ గ్రబ్ ఫైలు జోలికే వెళ్లను

ఉబుంటు లినక్స్‌లో గ్రబ్ (కంప్యూటర్ ఆన్ చేయగానే సిస్టమ్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) ఫైలు మార్చకుండా కెర్నల్ ఆప్షన్లు (సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌కు బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే సూచనలు) పెట్టుకోవచ్చా అని ఒకరు అడిగారు. పెట్టుకోవచ్చు. నన్నడిగితే అలాగే పెట్టుకోవాలి. దెబ్బతిని చెబుతున్న మాట ఇది.

మా ఇంట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డున్న పాత లాప్‌టాప్ ఒకటుంది. నోమోడ్‌సెట్ (తెర మోడ్‌ను కెర్నల్ మార్చకుండా ఆపే ఆప్షన్) ఇవ్వకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. అందరిలాగే నేనూ ఏదో వీడియో చూసి, /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలు తెరిచి అందులో చేర్చేశాను. (ఆ వీడియోలో సగం సేపు పాటే. చెప్పే ముక్క ఒక్కటి.) చాలాకాలం ఏ గొడవా లేదు. ఒక రాత్రి ఉబుంటు 20.04 వెర్షన్ నుంచి 22.04కి మారుతుంటే మధ్యలో ప్రశ్న వచ్చింది: మీరు మార్చిన ఫైలు ఉంచాలా, ప్యాకేజీతో వచ్చిన కొత్తది వేయాలా? నిద్రమత్తులో కొత్తదే మంచిదనుకున్నాను.

పొద్దున తమ్ముడు ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకుందామని కూర్చుంటే నల్ల తెర. ఆఖరు తేదీ ఆ రోజే. వెనక నాన్న: "అందరికీ లేని లినక్సు నీకెందుకురా?" ఆ టెన్షన్‌లో గ్రబ్ మెనూ తెప్పించడమే పెద్ద పని అయింది. ఉబుంటు దాన్ని దాచిపెడుతుంది. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) ఉన్న మెషీన్‌లో ఆన్ అవుతుండగా ఎస్కేప్ నొక్కాలి, రెండోసారి నొక్కితే మెనూ పోయి, కమాండ్లు కొట్టాల్సిన ఉత్త గ్రబ్ ప్రాంప్ట్ మిగులుతుంది. ఇలా దాచాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్లింట్లో తమ్ముళ్లు లేరు.

నాలుగో ప్రయత్నానికి మెనూ దొరికింది. 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్ కొట్టి, ఎఫ్10 నొక్కాను. తెర వెలిగింది. ఇలా ఇచ్చింది ఆ ఒక్క బూట్‌కే, డిస్కులో ఏదీ మారదు. కొత్త ఆప్షన్ ఏదైనా ముందు ఇలాగే పరీక్షించండి.

శాశ్వతంగా కావాలంటే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్.డి ఫోల్డర్‌లో మీ సొంత ఫైలు పెట్టండి. పేరు చివర .సీఎఫ్‌జీ ఉండాలి, లేకపోతే చదవదు. లోపల ఒకే లైను: గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డిఫాల్ట్‌కి, డబుల్ కోట్స్‌లో, డాలర్ గుర్తుతో అదే పేరు రాసి, స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్. డాలర్ ముక్క మరిస్తే, బూట్ సందేశాలు దాచి లోగో చూపించే పాత ఆప్షన్లు క్వైట్, స్ప్లాష్ ఎగిరిపోతాయి. తర్వాత టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కమాండ్ ఇవ్వండి. రీబూట్ అయ్యాక, కెర్నల్‌కు అందిన ఆప్షన్లుండే /ప్రాక్/సీఎండీలైన్ ఫైలు చూస్తే పడిందో లేదో తెలిసిపోతుంది.

ఇదీ సిస్టమ్ ఫోల్డరే కదా అనకండి. ఫైలు మీది, అప్‌గ్రేడ్ దాన్ని అడగదు, ముట్టుకోదు. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టడం వేరు, మన బీరువా మనం తెచ్చుకోవడం వేరు. డెబియన్‌లోనూ ఇదే దారి. ఫెడోరా వాళ్లకు ఇదే పనికి గ్రబ్బీ కమాండ్ ఉంది, వాళ్ల సుఖం వాళ్లది.

తమ్ముడి ఆప్షన్లు ఆ మధ్యాహ్నమే పెట్టేశాం. నాన్న మాత్రం ఇప్పటికీ ఆ లాప్‌టాప్ ఆన్ చేసే ముందు నన్ను పిలుస్తారు.