రాసిన ఉత్తరం, రాసిన పెన్ను

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. హూ, విచ్, దట్ ఖాళీలు పూరించమంటే పూరిస్తాను గానీ సొంతంగా రాస్తే 'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' లాంటివి వస్తున్నాయి. తప్పని అంటున్నారు, ఎందుకో చెప్పట్లేదు. ఇంటర్వ్యూలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఖాళీలో పెట్టాల్సింది ఒక్క మాటే, మిగతా వాక్యం అల్లే పనంతా ప్రశ్న ఇచ్చినవాళ్లే చేసేసి ఉంటారు, అందుకే అది వచ్చినా ఇది రాదు.

ముందు మీ వాక్యం చూద్దాం. 'ఐ బాట్ ఇట్'లో ఇట్ అంటే పుస్తకమే కదా. ఆ ఇట్‌నే విచ్‌గా మార్చి ముందుకు తెచ్చారు, ఇక వెనక మళ్లీ అక్కర్లేదు. 'ద మ్యాన్ హూ హీ కేమ్' అనేదీ ఇదే తప్పు.

అసలు చిక్కు వేరే చోట ఉంది, దాన్ని క్లాసుల్లో సరిగ్గా చెప్పరని నా బాధ. తెలుగులో నేను రాసిన ఉత్తరం అంటాం, నేను రాసిన పెన్ను అంటాం, నేను రాసిన రోజు అని కూడా అంటాం. ఉత్తరాన్ని రాశామా, పెన్నుతో రాశామా, ఆ రోజున రాశామా అన్నది వినేవాళ్లకి అర్థమైపోతుంది కాబట్టి ఆ 'తో' మనకి అవసరం పడదు. ఇంగ్లీషులో పడుతుంది. 'ద లెటర్ ఐ రోట్' సరే, పెన్ను దగ్గరికొస్తే 'ద పెన్ ఐ రోట్ విత్' అనాలి. మేముండే ఇల్లు అంటే 'ద హౌస్ వి లివ్ ఇన్'. చివర విత్, ఇన్ రాకూడదని ఎవరైనా అంటే పట్టించుకోకండి, మాటల్లో అదే సహజం. దరఖాస్తులాంటిదైతే 'ద పెన్ విత్ విచ్ ఐ రోట్' అని రాయండి.

సాధన ఇలా చేయండి. 'దిస్ ఈజ్ ద పెన్. ఐ రోట్ విత్ ఇట్.' అని రెండు వాక్యాలు విడిగా రాసి, రెండోదాంట్లో ఇట్ తీసేసి, విత్ మాత్రం ఉంచి కలపండి. 'ఎవరైతే వచ్చారో వాళ్లు' అని తెలుగులో మార్చుకుని నేర్పే పద్ధతి నాకు నచ్చదు, మనం ఇంట్లో అలా మాట్లాడం.

'ద లెటర్ ఐ రోట్'లో విచ్ ఏమైందంటారా? దాని ముందు విత్ లాంటి మాట గానీ కామా గానీ లేకుండా, వెనకే పని చేసేవాళ్లు (ఇక్కడ ఐ) ఉంటే విచ్, హూ, దట్ వదిలేయొచ్చు. 'ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే'లో వచ్చింది హూనే, దాన్ని తీస్తే కుదరదు.

హూమ్ గురించి బెంగ వద్దు, దాని ముందు టు, విత్ లాంటివి ఉన్నప్పుడు మాత్రం హూమ్ రాయండి చాలు, మిగతాచోట్ల మాటల్లో హూ నడుస్తుంది. హూజ్ మనుషులకే అనుకోకండి, 'ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్' సరైనదే.

కామా మాత్రం చూసుకోండి. 'మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ గుంటూర్' అని కామాతో రాస్తే మీకు ఒక్కడే అన్నయ్య, కామా లేకపోతే ఇంకా ఉన్నారు, వాళ్లలో గుంటూరులో ఉన్నాయన అని. ఆ కామా తర్వాత దట్ రాయకండి.