ఆనకట్ట కింద నీటిమట్టం మారుతున్నప్పుడు ట్రౌట్‌ను ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటున్న మీరు రెండు నెలలుగా చాటహూచీ నదిలో ఫ్లై ఫిషింగ్ నేర్చుకుంటున్నారు. ఒక శనివారం సెటిల్స్ బ్రిడ్జ్ దగ్గర ఐదు ట్రౌట్లు (చల్లని నీటిలో బతికే చేపలు) పడ్డాయి. మరుసటి శనివారం అదే చోట, అదే ఫ్లైతో (పురుగును పోలిన కృత్రిమ ఎరతో) ఒక్కటీ తగలలేదు. ఫోన్‌లో చూస్తే నీటిమట్టం రెండు రోజులూ దాదాపు ఒకటే. అలాంటప్పుడు తేడా ఎక్కడ వచ్చిందని అడిగి, ఆ రెండు రోజుల ఫోటోలు జత చేశారు. ఫోటోల సంగతి చివర చెబుతాను.

ఈ నదిలో పదకొండేళ్ళుగా గాలం వేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. మట్టం ఎంత ఉందన్నదాని కన్నా ముందు, అది ఎక్కుతోందా, తీస్తోందా (అంటే తగ్గుతోందా), నిలకడగా ఉందా అన్నది చూడాలి. నేను కోనసీమలో పుట్టినవాణ్ణి. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరింది, మొదటి హెచ్చరిక ఎగరేశారు అని రేడియోలో వినగానే మా తాతగారు అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: "ఎక్కుతోందా, తీస్తోందా?" గోదావరిలో ఒకే అంకె పొద్దున ఒక అర్థమూ సాయంత్రం మరో అర్థమూ ఇస్తుందని ఆయనకు తెలుసు. ట్రౌట్‌కు కూడా అంతే తెలుసు.

ఈ నదిలో ఇంత చల్లని నీరు ఉండటానికి కారణం బ్యూఫర్డ్ డ్యామ్. దాని వెనకున్న జలాశయం లేక్ లేనియర్ అడుగు పొరల నుంచి వచ్చే నీరు కాబట్టి, జార్జియా ఎండ మాడ్చేస్తున్న జూలైలో కూడా ఆనకట్ట కింద నీరు 50 ఫారన్‌హీట్ డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ చల్లదనం లేకపోతే ఇంత దక్షిణాన, నగరం పక్కన, ట్రౌట్ బతకదు. బ్రౌన్ ట్రౌట్ ఇక్కడ సొంతంగా గుడ్లు పెట్టి వృద్ధి చెందుతోంది. రెయిన్‌బో ట్రౌట్‌ను హేచరీలో పెంచి వదులుతారు. అయితే అదే ఆనకట్టలో విద్యుదుత్పత్తి కూడా జరుగుతుంది. పెద్ద యూనిట్లు ఆగి ఉన్నప్పుడు నదిలో 600, 700 క్యూసెక్కులే పారుతూ, మోకాలి లోతులో రాళ్ళు లెక్కపెట్టవచ్చు. అవి తిరగడం మొదలుపెట్టాక 8 వేల క్యూసెక్కులు దాటడం నేను గేజీలో చాలాసార్లు చూశాను. పేపర్లో శ్రీశైలం, సాగర్ లెక్కలు చదివే అలవాటు ఉన్న మనకు ఇవి చిన్న అంకెలుగా కనిపిస్తాయి. ఇంత ఇరుకు నదిలో మాత్రం ఆ తేడా మనిషిని నిలువునా ముంచుతుంది.

అందుకే చేప సంగతికి ముందు ప్రాణం సంగతి చెప్పాలి. ఆనకట్టను నడిపే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ విడుదల వేళలను ముందుగా ప్రకటిస్తుంది, ఆనకట్ట పరిసరాల్లో 1610 ఏఎం రేడియోలోనూ వినవచ్చు. కానీ విద్యుత్ అవసరాన్ని బట్టి ఆ వేళలు మారుతూ ఉంటాయి. ఆనకట్ట దగ్గర హారన్ మోగుతుంది, మైళ్ళ దూరంలో దిగువన ఉన్నవారికి అది వినబడదు. ఆనకట్ట నుంచి హైవే 20 వంతెన వరకు నీటిలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉండటం నిబంధన. నేను దిగువన కూడా తీయను. వేడర్ (నీటిలో దిగడానికి తొడుక్కునే, తడి లోపలికి రాని దుస్తు) మీద నడుముకు బెల్టు బిగించకుండా దిగేవారిని చూస్తే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

ఈ జాగ్రత్త నాకు పుస్తకాల వల్ల రాలేదు. నాలుగో ఏడాదిలో ఒక మధ్యాహ్నం, సెటిల్స్ బ్రిడ్జ్‌కు ఎగువన నది మధ్యలోని రాళ్ళ మిట్ట మీద నిలబడి ఉన్నాను. విడుదల మొదలయ్యే గంటకు, నీరు అక్కడికి చేరే సమయం కలిపి, నలభై నిమిషాల గడువు ఉందని లెక్క వేసుకున్నాను. ముందుగా నేను గమనించింది చప్పుడు. ఎగువన రాళ్ళ మీద గలగలమంటున్న నీరు మెల్లగా గొంతు తగ్గించుకుంది. రాళ్ళు మునుగుతుంటే వాటి మీది చప్పుడు ఆగిపోతుందని అప్పుడు నాకు తెలియదు. తరువాత పైన్ చెట్ల సూదులు, ఎండుటాకులు, నురగ ఒక బారుగా కొట్టుకు వచ్చాయి. వేడర్ లోపల పిక్కలకు చలి తగిలింది. గట్టు వైపు తిరిగేసరికి నేను మోకాలి లోతులో దాటి వచ్చిన పాయ నడుము దాటుతోంది. చేతికర్ర ఊతంగా, ఎగువకు ముఖం పెట్టి, పక్కకు అడుగులు వేస్తూ బయటపడ్డాను. కడ్డీ మాత్రం పోయింది.

తప్పు పూర్తిగా నాదే. నా లెక్క ఖాళీ నదికి సరిపోతుంది. ఆ రోజు ఉదయం ఒక విడత నీరు వదిలారు, అది ఇంకా పూర్తిగా తీయలేదు. అప్పటికే లోతుగా ఉన్న నీటి మీద కొత్త అల వేగంగా పరుగెత్తుతుంది, కాబట్టి రెండో విడత నీరు మొదటి దానికన్నా తక్కువ సమయంలో చేరింది. అప్పటి నుంచి ఎక్కడ దిగినా, ముందు నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని, ప్రతి పది నిమిషాలకూ దాని వైపు చూస్తాను. ఆ రాయి తడిసిందంటే, చేప కొరుకుతున్నా సరే, బయటికి వచ్చేస్తాను.

ఇక చేప సంగతి. ట్రౌట్ ఎప్పుడూ ఒకటే లెక్క వేస్తుంది: ఒరవడిని ఎదుర్కోవడానికి పెట్టే శ్రమ కన్నా ఎక్కువ తిండి ఎక్కడ దొరుకుతుంది? వేగంగా పారే నీటికీ నెమ్మదైన నీటికీ మధ్య ఒక గీత ఉంటుంది. నురగ బుడగలు ఆ గీత వెంటే సాగుతాయి. చేప నెమ్మది నీటిలో ఆగి, పక్కనే వేగంగా పోతున్న తిండిని అందుకుంటుంది. మట్టం మారినప్పుడు ఆ గీత జరుగుతుంది, గీతతో పాటు చేప జరుగుతుంది. మీరు మాత్రం పోయిన వారం నిలబడ్డ రాయి మీదే నిలబడితే, గాలం చేప లేనిచోట పడుతుంది.

నీరు ఎక్కడం మొదలైన తొలి నిమిషాల్లో రాళ్ళ సందుల్లోని పురుగులు, ఒడ్డున పడి ఉన్న వానపాములు కొట్టుకు వస్తాయి కాబట్టి ట్రౌట్ ఆబగా తింటుంది. చాలామంది ఈ కాసేపటి విందు కోసం ఆగి ఇరుక్కుంటారు. నా ఉద్దేశంలో ఆ రెండు చేపల కోసం అక్కడ ఉండటం తెలివైన పని కాదు. ఆ వెనకే చెత్త వస్తుంది, ప్రతిసారీ ఫ్లైకి ఆకు చిక్కుతుంది, చేపలు కొత్త చోటు వెతుక్కుంటూ ఒడ్డు వారకు సర్దుకుంటాయి.

నిండుగా పారుతున్నప్పుడు నదిలో దిగకూడదు. పడవ ఉన్నవారు ఒడ్డు వెంట, పడిపోయిన చెట్ల పక్కన, చిన్నచేపను పోలిన పెద్ద స్ట్రీమర్లు వేసి పెద్ద బ్రౌన్ ట్రౌట్‌ల కోసం ప్రయత్నిస్తారు. 2014లో ఈ నదిలోనే పట్టిన 20 పౌండ్ల 14 ఔన్సుల బ్రౌన్ ట్రౌట్ రాష్ట్ర రికార్డయింది. అంత చేప పురుగులు ఏరుకుని పెరగదు, సాటి చేపల్ని తిని పెరుగుతుంది. నాకు పడవ లేదు కాబట్టి ఇంతకు మించి చెప్పే అర్హత లేదు.

నీరు తీస్తున్న వేళే అసలైన వేళ. యూనిట్లు ఆగాక మట్టం దిగుతూ ఉంటే, మునిగిన గడ్డిలోకి, ఒడ్డు వారకు వెళ్ళిన చేపలు ఇంకా అక్కడే ఉంటాయి, చెత్త తేలిపోయి ఉంటుంది, నీటిలో కొద్దిపాటి మసక మిగిలి చేప మనిషిని చూసి బెదరదు. ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది: వస్తూనే నడుము లోతుకు దిగి, ఆవలి ఒడ్డుకు విసురుతారు. చేప వారి వెనక ఉంటుంది. నేను మొదటి పదిహేను నిమిషాలు నీటిలో పాదం పెట్టను. గట్టుకు రెండడుగులు వెనక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, నా కాళ్ళ ముందున్న జానెడు వెడల్పు నెమ్మది నీటిలోకి ఫ్లై వదులుతాను. పోయిన ఏప్రిల్‌లో అలా వదిలిన చోట నీరు మోకాలి లోతు కూడా లేదు. ఇంకా తడి ఆరని గడ్డి పోచల కింద నుంచి వెన్న రంగు కడుపు, నీలి వలయాల నడుమ ఎర్ర చుక్కలు ఉన్న పదిహేను అంగుళాల బ్రౌన్ ట్రౌట్ పక్కకు ఒరిగి ఫ్లైని అందుకుంది. తీసి చూసి వదిలేశాను. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదలడం మా అమలాపురం బంధువులకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

నీరు తీయడం ఆనకట్ట దగ్గర ముందు మొదలవుతుంది. దిగువకు పోయేకొద్దీ ఆలస్యంగా, నిదానంగా జరుగుతుంది. దీన్ని వాడుకోవచ్చు. హైవే 20 దగ్గర నీరు బాగా తగ్గిపోయి చేప మందగించిన వేళకు, సెటిల్స్ బ్రిడ్జ్ దగ్గర అది అప్పుడే తీయడం మొదలవుతుంది, ఇంకా దిగువనున్న జోన్స్ బ్రిడ్జ్‌కు చేరడానికి గంటలు పడుతుంది. కారులో సామాను వేసుకుని, తీస్తున్న నీటి వెంట దిగువకు పోతే రోజంతా మంచి వేళే దొరుకుతుంది. మధ్యలో ఎగువన మళ్ళీ విడుదల లేదని మాత్రం ప్రతి మజిలీలోనూ చూసుకోవాలి. ఆ దారిలో హైవే 20 నుంచి మెడ్‌లాక్ బ్రిడ్జ్ వరకు సహజమైన ఎరలు వాడకూడదు. మనకు ఎలాగూ ఫ్లైలే కాబట్టి ఇబ్బంది లేదు, మీ వెంట వచ్చే పిల్లలు వానపాములు తేకుండా చూసుకోండి. మామూలు ఫిషింగ్ లైసెన్సుతో పాటు ట్రౌట్ లైసెన్సు కూడా కావాలి.

నిలకడగా తక్కువ నీరు ఉన్న రోజు వేరే ఓపిక కావాలి. నీరు అద్దంలా ఉంటుంది, చేప మడుగుల్లోకి, రాళ్ళ పక్క లోతుల్లోకి పోతుంది, మీ నీడ పడితే చాలు పరారవుతుంది. పన్నెండు అడుగుల లీడర్ (ఫ్లైకీ అసలు దారానికీ మధ్య కట్టే సన్నని దారం), చివర చాలా సన్నని 6ఎక్స్ దారం, 20 లేదా 22 నంబరు మిడ్జ్ అనే బుల్లి ఫ్లై (నంబరు పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది), నీటిపై తేలే గింజంత బెండు. దూరం నుంచి, దిగువ వైపు నుంచి వేయాలి. ఇక్కడ నా విజయాలు తక్కువ, ఒప్పుకుంటాను.

ఫ్లై మార్చడం కన్నా బరువు మార్చడం ముఖ్యమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నీరు అరడుగు మారినా ఫ్లైని ముంచడానికి దారానికి బిగించే సీసపు గుండ్లు, బెండు ఎత్తు సరిచూసుకోవాలి. బెండుకూ ఫ్లైకీ మధ్య దూరం నీటి లోతుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టండి. పైనీటి కన్నా అడుగు నీరు నెమ్మదిగా పారుతుంది, కాబట్టి మీ బెండు పక్కనున్న నురగ బుడగల కన్నా కాస్త వెనకబడి సాగితే ఫ్లై అడుగుకు చేరినట్టే. బుడగలతో సమానంగా పరుగెత్తుతుంటే ఇంకో గుండు బిగించండి. బుడగలను దాటిపోతుంటే దారాన్ని ఒరవడి లాగుతోందని అర్థం, అప్పుడు దారాన్ని ఎత్తి ఎగువకు తిప్పి వేయాలి. నీరు ఎక్కువగానో మసకగానో ఉంటే 12, 14 నంబరు హేర్స్ ఇయర్, ముదురు రంగు ఊలీ బగ్గర్ లాంటి పెద్ద ఫ్లైలు; తగ్గేకొద్దీ 18 నంబరు ఫెజెంట్ టెయిల్, ఆపైన మిడ్జ్. నా పెట్టెలో ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండవు.

వాన వల్ల పెరిగే నీటిని ఆనకట్ట నీటితో కలపకండి. గట్టి వాన పడితే సువానీ క్రీక్ లాంటి ఉపనదులు జార్జియా ఎర్రమట్టిని తెచ్చి పోస్తాయి, అవి కలిసే చోటుకు దిగువన కాఫీ రంగు నీటిలో ఏమీ పడదు. అలాంటి రోజు ఎగువకు, ఆనకట్ట వైపు వెళ్ళండి, అక్కడ నీరు తేటగానే ఉంటుంది. శరదృతువు చివర మాత్రం దీనికి తిరగబడిన కథ జరుగుతుంది. జలాశయం అడుగు నీటిలో ఆక్సిజన్ తగ్గి, ఇనుము, మాంగనీసు కరిగి రావడంతో ఆనకట్ట దగ్గరి నీరే మురికిగా, చేప మందంగా ఉంటుంది. నీరు దిగువకు దొర్లుతూ గాలి కలుపుకుంటుంది కాబట్టి ఆ వారాల్లో నేను జోన్స్ బ్రిడ్జ్ దాకా పోతాను.

ఇప్పుడు మీ ఫోటోలు. మొదటిదానిలో నీటి అంచుకు పైన రాళ్ళ మీద జానెడు మేర నల్లని తడి పట్టీ కనిపిస్తోంది, గడ్డి పోచలు దిగువకు వాలి బురద పూసుకుని ఉన్నాయి. నీరు తీస్తోంది, మీ ఐదు చేపలు అలా వచ్చాయి. రెండోదానిలో అంచు దాకా రాళ్ళు పొడిగా, తెల్లగా ఉన్నాయి, కానీ వాటి ముందు పచ్చగడ్డి నిటారుగా నీటిలో మునిగి ఉంది, నది మధ్యలో పైన్ సూదులు బారుగా తేలుతున్నాయి. అంకె ఒకటే అయినా ఆ రోజు నీరు ఎక్కుతోంది. ఇంకొక్క విషయం కూడా కనిపించింది: ఆ ఫోటోలో గట్టు మీకు ఎదురుగా, దూరంగా ఉంది, అంటే అది తీసేటప్పుడు మీరు నది మధ్యలో నిలబడి ఉన్నారు. ఈసారి అలాంటి దృశ్యం కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టి, ముందు గట్టెక్కండి.