ఇంటర్‌లో బయాలజీ చెప్పాలనుకునేవారు ప్రశ్న రాయడం ముందు నేర్చుకోవాలి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్ చదువుతున్నాను. ఇంటర్ పిల్లలకు చెప్పే లెక్చరర్ కావాలని ఉంది. ఎమ్మెస్సీ ముందు చేయాలా, బీఈడీనా? బోటనీ మంచిదా, జువాలజీనా? పదో తరగతి దాకా తెలుగు మీడియం కాబట్టి డెమో క్లాసంటే భయంగా ఉంది. ఇప్పటినుంచే ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందు ఎమ్మెస్సీ చేయండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టుకు సంబంధిత సబ్జెక్టులో పీజీ కావాలి, బీఈడీ అడగరు. 1,392 పోస్టులతో 2022లో వచ్చిన నోటిఫికేషన్‌లో జనరల్ స్టడీస్ పేపర్‌కు 150 మార్కులు, సబ్జెక్టు పేపర్‌కు 300 మార్కులు పెట్టారు. అంటే ఉద్యోగం తేలేది సబ్జెక్టు దగ్గరే. గురుకుల జూనియర్ కాలేజీలకు, కేంద్రీయ విద్యాలయాల్లో ఇంటర్ స్థాయి టీచరైన పీజీటీకి మాత్రం పీజీతో పాటు బీఈడీ ఉండాలి. కాబట్టి ఎమ్మెస్సీ అయ్యాక బీఈడీ కూడా పూర్తి చేస్తే ఏ తలుపూ మూసుకుపోదు. కాలేజీ అయినా హైస్కూల్ అయినా సరే, ప్రభుత్వ ఉద్యోగమే ముఖ్యం అనుకుంటే వరుస మార్చుకోవచ్చు: బీఈడీ, టెట్, ఆ తర్వాత డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటుకు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. డిగ్రీ సిలబస్ తాజాగా ఉన్నప్పుడే రాస్తే మేలు.

బోటనీనా, జువాలజీనా అన్నదానికి చిన్న పరీక్ష ఉంది. ఇంటర్ సెకండియర్ పుస్తకాలు రెండూ తెచ్చుకోండి. ఒక్కో అధ్యాయం చదివి, పుస్తకం మూసి, ఐదు నిమిషాలు ఎవరికైనా చెప్పండి. ఎందులో తక్కువ తడబడితే అది తీసుకోండి. తెలంగాణ ఇంటర్‌లో ఈ రెండిటికీ వేర్వేరు లెక్చరర్లు ఉంటారు. సీబీఎస్‌ఈలో మాత్రం బయాలజీ అంతా ఒకరే చెబుతారు. కేంద్రీయ విద్యాలయ పీజీటీకి డిగ్రీలో రెండూ చదివి ఉండాలి, బీజెడ్‌సీతో ఆ షరతు తీరుతుంది. ఏది తీసుకున్నా రెండోది వదిలేయకండి.

ఇక ఏం నేర్చుకోవాలన్న మీ ప్రశ్నకు వద్దాం. అసలు విషయం ఇదే. కొత్త లెక్చరర్లు చాలామంది పాఠం బాగానే చెబుతారు. స్లిప్ టెస్టు (క్లాసులో పెట్టే చిన్న పరీక్ష) పేపర్ తయారు చేయమన్నా, జవాబు పత్రాలు దిద్దమన్నా చేతులు ఆడవు. పిల్లవాడికి ఎక్కడ అర్థం కాలేదో బయటపెట్టేది పరీక్షే కనుక, అది సరిగా పెట్టలేకపోతే చెప్పిన పాఠం ఎంతవరకు చేరిందో మీకే తెలియదు.

ఒకే క్లాసులో కూర్చున్న పిల్లలు మూడు రకాల పరీక్షలు రాస్తారు. బోర్డు థియరీ పేపర్ 60 మార్కులకు, మూడు గంటలు: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడులో రెండు. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 బయాలజీవే. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఎప్‌సెట్‌లో బోటనీ 40, జువాలజీ 40, నెగెటివ్ మార్కులు లేవు. సిలబస్‌లు కూడా ఒకటి కావు. నీట్ సిలబస్‌ను 2024లో కుదించినప్పుడు మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ తీసేశారు, బోర్డు పుస్తకాల్లో అవి ఉన్నాయి. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఆ ఏడాది సిలబస్‌లన్నీ పక్కపక్కన పెట్టుకుని గుర్తులు పెట్టుకోండి.

బిట్ ప్రశ్న రాసేటప్పుడు కష్టం సరైన జవాబు దగ్గర రాదు, తప్పు ఆప్షన్ల దగ్గర వస్తుంది. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. "శ్వాసక్రియ జరిగే కణాంగం ఏది?" అని అడిగితే అందరూ మైటోకాండ్రియా అనే రాస్తారు, ఆ పొరపాటు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఇలా అడిగి చూడండి: మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న పత్తి ఆకులో ఏం జరుగుతుంది? 1) శ్వాసక్రియ ఆగిపోయి ఉంటుంది 2) శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ రెండూ జరుగుతుంటాయి 3) ఆకులో కిరణజన్య సంయోగక్రియ, వేరులో మాత్రమే శ్వాసక్రియ జరుగుతాయి 4) మొత్తం మీద ఆకు నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఒకటి పెట్టినవాడికి పగలు-రాత్రి గందరగోళం ఉంది. మూడు పెట్టినవాడు ప్రతి సజీవ కణమూ శ్వాసిస్తుందని గ్రహించలేదు. నాలుగు పెట్టినవాడు రెండు క్రియల వేగాలను పోల్చుకోలేకపోయాడు. ఎవరికి ఏం మళ్లీ చెప్పాలో ఆప్షన్ నంబరే చెబుతుంది.

కొత్తవారి ప్రశ్నల్లో తరచూ కనిపించే లోపాలు: సరైన ఆప్షన్ మిగతా మూడిటికంటే పొడవుగా ఉండటం, ఒకే అర్థమున్న ఆప్షన్లు రెండు ఉండటం (అప్పుడు రెండూ తప్పని పిల్లలు ఇట్టే పట్టేస్తారు), "కానిది" అన్న మాట లావు అక్షరాల్లో లేకపోవడం, ఇంగ్లిష్ ప్రశ్నకూ తెలుగు ప్రశ్నకూ అర్థం తేడా రావడం. చివరిది తెలుగు మీడియం పిల్లలకు అన్యాయం చేస్తుంది. మీకు రెండూ వచ్చు గనుక దాన్ని సరిచూసే పని మీరే తీసుకోండి.

నాలుగు మార్కుల ప్రశ్నకు ముందే మార్కుల విభజన రాసుకోవాలి. ఉదాహరణకు, వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి సికిల్ సెల్ మీద ఒక ప్రశ్న: "భార్యాభర్తలిద్దరూ సికిల్ సెల్ వాహకులు. మొదటి బిడ్డకు వ్యాధి ఉంది. రెండో బిడ్డకు వచ్చే అవకాశం ఎంత? ఎందుకు?" జన్యురూపాలకు ఒకటి, సంయోగబీజాలు చూపిన గళ్ల పట్టికకు ఒకటి, నాలుగో వంతు అన్నందుకు ఒకటి, మొదటి బిడ్డ ఫలితం రెండో బిడ్డ మీద ప్రభావం చూపదన్నందుకు ఒకటి. సగం క్లాసు తప్పేది ఈ చివరి మార్కు దగ్గరే, "నలుగురిలో ఒకరికి అయిపోయింది కదా, ఇక రాదు" అని రాస్తారు. జన్యురూపం తప్పు రాసినా, ఆ తప్పు మీదే తర్వాతి మెట్లు సరిగా వేసినవాడికి ఆ మార్కులు ఇవ్వాలి. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయకూడదు. మరో మాట: ములుగు, ఆదిలాబాద్ ఏజెన్సీ కుటుంబాల్లో సికిల్ సెల్ నిజంగా ఉంది. ఆ ఇంటి పిల్లలు మీ క్లాసులో ఉండొచ్చు. "మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా?" అని అందరి ముందు అడగొద్దు.

దిద్దేటప్పుడు ఒకరి పేపర్ మొత్తం ఒకేసారి దిద్దకండి. అందరి మొదటి ప్రశ్న, తర్వాత అందరి రెండో ప్రశ్న, అలా వెళ్లండి. మొదటి జవాబు బాగుందని మిగతావాటికి ఉదారంగా వేసే అలవాటు ఇలా తగ్గుతుంది. మార్కులు వేసే ముందు ఐదారు పేపర్లు ఊరికే చదవండి. మీరు ఊహించని సరైన జవాబులు కనిపిస్తే విభజనలో చేర్చుకోవచ్చు.

బిట్ పేపర్ అయ్యాక ప్రశ్నలనూ పరీక్షించాలి. 60 మంది రాస్తే మార్కుల వరుసలో పైనున్న 16 మందిని, కిందున్న 16 మందిని విడదీయండి. ఒక ప్రశ్నకు పైవారిలో 13 మంది, కిందివారిలో 5 మంది సరిగ్గా పెట్టారనుకోండి. తేడా 8ని 16తో భాగిస్తే 0.5, అది మంచి ప్రశ్న. ఫలితం సున్నా దగ్గరుంటే ఆ ప్రశ్న చదివినవారినీ చదవనివారినీ వేరు చేయడం లేదు. మైనస్ వస్తే ముందు కీ సరిచూడండి, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇంటర్ సెకండియర్‌లో ఒక్కో సబ్జెక్టు ప్రాక్టికల్‌కు 30 మార్కులు. వీటిని చివరి నెలకు నెట్టేసే కాలేజీలు చాలా ఉన్నాయి, కాబట్టి ల్యాబ్ నడపగలిగినవారికి విలువ ఉంటుంది. కణం రెండుగా విడిపోయే సమవిభజన స్లైడ్‌నే తీసుకోండి. ఉల్లిగడ్డ వేర్ల కొసలను ఒక వంతు అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచాలి. తర్వాత వేరును స్లైడ్ మీద పెట్టి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొద్దిగా వేడిచేసి, అసిటోకార్మిన్ వేసి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, బాగా రంగు పట్టిన కొసను మాత్రమే కోసి నలపాలి. విభజన కనిపించకపోతే చాలాసార్లు కారణం ఒకటే: కొస వదిలేసి పైభాగం తీసుకుని ఉంటారు. అక్కడ కణాలు పొడవుగా సాగుతాయి తప్ప విభజన చెందవు. కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే నలపడం చాలలేదని అర్థం.

డెమో సంగతి. సాధారణంగా పది, పదిహేను నిమిషాలే ఇస్తారు. అందులో అధ్యాయమంతా చెప్పబోయి దెబ్బతింటారు. ఒక్క అంశం చాలు, ద్వంద్వ ఫలదీకరణం అనుకోండి. బోర్డుకు పక్కగా నిలబడి పిండకోశం బొమ్మను మూడు నిమిషాల్లో గీయండి. ఒక పురుష సంయోగబీజం స్త్రీబీజంతో, మరొకటి రెండు ధ్రువ కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదానికి దారితీయడం రెండు రంగుల సుద్దముక్కలతో చూపండి. ఆ తర్వాత అడగండి: వరి ఆకు కణంలో 24 క్రోమోజోములుంటే మనం అన్నంగా తినే అంకురచ్ఛదంలో ఎన్ని? చాలామంది 24 అంటారు. 12 చొప్పున మూడు కేంద్రకాలు కలిస్తే 36 అని వారితోనే బోర్డు మీద కట్టించండి. ఎదురుగా కూర్చున్న ప్రిన్సిపల్‌కు మీరు చెప్పగలరనీ, అడగగలరనీ ఒకేసారి తెలుస్తుంది.

తెలుగు మీడియం అని వెనక్కి తగ్గకండి. ఈ ప్రాంతంలో క్లాసు నడిచేది తెలుగు వివరణ, ఇంగ్లిష్ పదాలతోనే. ఒక్కో అధ్యాయంలో ముఖ్యమైన ముప్పై పదాలు తెలుగు, ఇంగ్లిష్ రెండిట్లో స్పెల్లింగుతో సహా రాసి, పైకి పలికి అలవాటు చేసుకోండి. డెమోలో ఎక్కువమంది తడబడేది ఉచ్చారణ, స్పెల్లింగుల దగ్గరే. ఈ నెలలోనే మీకు చదువు చెప్పిన జూనియర్ కాలేజీ లెక్చరర్‌ను కలిసి, ఒక సెక్షన్ స్లిప్ టెస్టు పేపర్లు ఆయన మార్కుల విభజన ప్రకారం దిద్దుతానని అడగండి. మీరు దిద్దినవాటిలో పదింటిని ఆయననూ విడిగా దిద్దమనండి. ఎక్కడ మార్కులు తేడా వచ్చాయో కూర్చుని మాట్లాడుకోండి.