సర్వీసులో ల్యాప్‌టాప్ పెడితే మన డ్రైవింగ్ అంతా బయటపడుతుందా?

సర్వీసుకి ఇచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే నేను ఎప్పుడు ఎంత స్పీడులో వెళ్లానో అంతా కనిపిస్తుందా, అది పట్టుకుని వారంటీ లేదంటారా అని అడిగారు కదా. అంతా కనిపించదు. మామూలు కారు ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) మీరు రోజూ తిరిగిన తిరుగుళ్ల చిట్టా ఏమీ ఉండదు, సెన్సర్ల నుంచి లెక్కలు వస్తుంటాయి, వాడుకోవడం అయిపోగానే పోతుంటాయి. ఏదైనా తేడా వచ్చినప్పుడు మాత్రం ఆ క్షణాన్ని పట్టి దాచుకుంటుంది.

మా వాళ్లెవరైనా సెకండ్ హ్యాండ్ కారు కొనాలంటే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో పడిన కోడ్లు చదివే పరికరం) పట్టుకుని నేనే వెళ్తుంటాను కాబట్టి చూసినవే రాస్తున్నా. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోన్లో యాప్ తెరిస్తే చాలు. మా బావగారి పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఇలాగే చూశాను. పీ0300 అని కోడ్ వచ్చింది, అంటే మిస్‌ఫైర్, ఇంజిన్లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని. దాంతోపాటే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఇంకో పేజీ వస్తుంది, ఆ కోడ్ పడిన క్షణంలో కారు పరిస్థితి అన్నమాట: ఆర్పీఎం 3000 పైన, స్పీడు 40 లోపు, ఇంజిన్ మీద లోడు దాదాపు పూర్తిగా, కూలెంట్ వేడి మామూలుగానే ఉంది. తేదీ లేదు, ఊరు లేదు. కానీ చిన్న గేరులో ఎత్తు ఎక్కుతూ ఉండగా వచ్చిందని చూడగానే తెలుస్తోంది. అవును, శ్రీశైలం ఘాట్‌లో బండి కుదిపింది అన్నారాయన. ఇగ్నిషన్ కాయిల్ మార్చాక మళ్లీ రాలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కోడ్లు చెరిపేస్తే, చెరిపిన తర్వాత ఎంత దూరం తిరిగిందో కూడా కారు లెక్క పెట్టుకుంటుంది. ఒక బీఎస్6 డీజిల్ బండి చూడ్డానికి వెళ్తే డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు లేదు, అమ్మే ఆయన చాలా ధీమాగా ఉన్నాడు. స్కానర్ పెడితే చెరిపాక తిరిగిన దూరం పది పన్నెండు కిలోమీటర్లే, కారు తనంతట తాను చేసుకునే లోపలి పరీక్షలన్నీ 'ఇన్‌కంప్లీట్' అని చూపిస్తున్నాయి, అంటే కోడ్లు ఈమధ్యే చెరిగిపోయాయన్నమాట. బ్యాటరీ మార్చామండీ అన్నాడు. కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా అలా అవుతుంది, కాదనను. సరే, కొన్నాళ్లు నడపండి, మళ్లీ వస్తాం అన్నాం. మళ్లీ వెళ్లేసరికి డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) కోడ్ వచ్చి కూర్చుంది. కొనే ముందు ఈ ఒక్క లెక్క తప్పకుండా చూడండి, దీన్ని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

వారంటీ విషయానికొస్తే, హైవే మీద ఎప్పుడో 130 కొట్టారని మామూలు కారు ఈసీయూ చూసి పట్టుకోలేరు. రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించి ఉంటే మాత్రం దొరికిపోవచ్చు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు ఎక్కించారో కొన్ని ఈసీయూలు గుర్తుపెట్టుకుంటాయి. పోర్షే లాంటి వాటిలో ఇంజిన్ రెడ్‌లైన్ (తిరగాల్సిన గరిష్ఠ ఆర్పీఎం) దాటి తిరిగిన లెక్క కూడా ఉంటుంది.

యాక్సిడెంట్ అయితే కథ వేరు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో ఈడీఆర్ (యాక్సిడెంట్ వివరాలు దాచే రికార్డర్) ఉంటే, గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్ల స్పీడు, యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, బ్రేక్ వేశారా లేదా, డ్రైవర్ సీట్ బెల్ట్ పెట్టుకున్నాడా, దెబ్బకి వేగం ఎంత పడిపోయింది అన్నీ అందులో పడతాయి. అమెరికా రూలు మొదట్లో 5 సెకన్లు అనేది, 2024 చివర్లో దాన్ని 20 సెకన్లకు పెంచారు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ ఈడీఆర్ తప్పనిసరి. మాటలు రికార్డు చెయ్యడం, ఎక్కడున్నారో రాసుకోవడం ఇందులో లేవు. మీ ఓనర్స్ మాన్యువల్లో దీని గురించి ఒక పేరా ఉందేమో వెతకండి.

నన్నడిగితే మీరు టెన్షన్ పడాల్సింది ల్యాప్‌టాప్ గురించి కాదు, కారులో ఉన్న సిమ్ గురించి. కనెక్టెడ్ కారు (సిమ్ ద్వారా ఇంటర్నెట్‌కి కలిసి ఉండేది) అయితే ట్రిప్పులు, స్పీడు, సడన్ బ్రేకులు, లొకేషన్ కంపెనీ సర్వర్‌కి వెళ్తూ ఉండొచ్చు, దానికి మీరు సర్వీసుకి ఇవ్వనక్కర్లేదు కూడా. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల నుంచి ఇలాంటి డేటా లెక్సిస్‌నెక్సిస్ లాంటి డేటా అమ్మే సంస్థల ద్వారా ఇన్సూరెన్స్ కంపెనీలకు చేరుతోందని 2024 మార్చిలో బయటపడింది, కొందరికి ప్రీమియం పెరిగాక గానీ తెలియలేదు. కొన్ని సందర్భాల్లో ప్రతి 3 సెకన్లకోసారి లొకేషన్ తీసుకున్నారని అక్కడి ఎఫ్‌టీసీ (వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పింది. తమ బండి తమకే తెలియకుండా తమ మీద చాడీలు మోయడం ఏ ఓనరుకైనా అన్యాయమే. అక్కడుండే మనవాళ్లు లెక్సిస్‌నెక్సిస్‌ని అడిగి తమ రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఇక్కడున్నవాళ్లు కారు కంపెనీ యాప్‌లో ప్రైవసీ సెట్టింగులు తెరిచి, డ్రైవింగ్ స్కోర్ లాంటివి మీకు పనికిరాకపోతే ఆపేయండి.

కారు అమ్మేటప్పుడు స్క్రీన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి, లేకపోతే మీ కాంటాక్టులు, కాల్ లిస్టు, ఇంటి అడ్రసు కొత్త ఓనరుకి వెళ్లిపోతాయి. కొనేవాళ్లైతే పాత ఓనరు యాప్‌లోంచి కారు తీసేశాడో లేదో ఆయన ఫోన్లోనే మీ కళ్లెదుట చూడండి, అందులో ఉన్నంతకాలం మీ కారు ఎక్కడుందో ఆయనకి కనిపిస్తూ ఉండొచ్చు. ఆయన దొరక్కపోతే ఆర్‌సీ మీ పేరు మీదకి మారాక షోరూమ్‌కి తీసుకెళ్లి మార్పించుకోండి.

మీది ఏ మోడల్, ఏ సంవత్సరంది అన్నది రాస్తే ఏమేం చూడొచ్చో ఇంకొంచెం వివరంగా చెప్తాను.